లేక్ డిస్ట్రిక్ట్ కాటేజీలో బంగారం, పాస్‌పోర్టు పోయాయి. పరిహారం ఎవరిని అడగాలి?

రెడింగ్ నుంచి (అడిగినవారు):

అందరికీ నమస్కారం. మేము బ్రిటన్ వచ్చి ఎనిమిది నెలలైంది. మావారికి స్కిల్డ్ వర్కర్ వీసా, నేను డిపెండెంట్‌ని. మొన్న బ్యాంక్ హాలిడేకి ఇంకో కుటుంబంతో కలిసి కెజిక్ దగ్గర ఒక కాటేజీ మూడు రాత్రులకు తీసుకున్నాం. రెండో రోజు క్యాట్‌బెల్స్ కొండ ఎక్కుదామని బయల్దేరుతూ, దారిలో ఎక్కడైనా జారిపోతాయేమోనని నల్లపూసలు, నాలుగు గాజులు, బుట్టలు తీసి చిన్న పర్సులో వేసి కప్‌బోర్డులో బట్టల కింద పెట్టాను. సాయంత్రం ఆరింటికి వచ్చేసరికి తలుపు వేసింది వేసినట్టే ఉంది. లోపల పర్సు లేదు, మావారి ఆఫీసు లాప్‌టాప్ లేదు, నా పాస్‌పోర్టు లేదు. తాళం పగలలేదు, కిటికీ పగలలేదు. తాళంచెవి తలుపు పక్కన గోడకి కొట్టిన చిన్న పెట్టెలో ఉంటుంది, నాలుగంకెల కోడ్ నొక్కితే తెరుచుకుంటుంది. మేం తాళం వేసి చెవి అందులోనే పెట్టి వెళ్లాం, అలాగే చేయమని వాళ్లే రాశారు.

పోలీసుల 101 నంబరుకి ఫోన్ చేస్తే క్రైమ్ నంబర్ ఇచ్చారు. ఓనర్ మాత్రం "విలువైన వస్తువులకు మా బాధ్యత లేదని షరతుల్లో ఉంది" అని ఒక్క మెసేజ్ పెట్టి ఊరుకున్నారు. బుక్ చేసిన సైట్ వాళ్లు ఓనర్‌తో మాట్లాడుకోమన్నారు. ఆ గాజులు మా అమ్మ తన పెళ్లి గాజులు కరిగించి నాకు చేయించింది. ఇంకా అమ్మకి చెప్పలేదు. పోలీసు కేసు వల్ల వీసాకి ఏమైనా అవుతుందా అని కూడా భయంగా ఉంది. దయచేసి చెప్పండి.

లెస్టర్ నుంచి:

అమ్మా, ముందు ధైర్యంగా ఉండు. వీసాకి ఏమీ కాదు. నువ్వు నష్టపోయినదానివి, నేరం చేసినదానివి కాదు. ఇరవై రెండేళ్లుగా ఇక్కడున్నాను, దొంగతనం జరిగిందని చెప్పుకున్నందుకు ఎవరి వీసా పోవడం చూడలేదు.

పరిహారం మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకు. ఈ దేశంలో రూల్ ఏంటంటే, వస్తువుకి 50 పౌండ్లు, మనిషికి మొత్తం 100 పౌండ్లు, అంతకు మించి ఇవ్వనక్కర్లేదు. 1956 నాటి చట్టం. ఇక మీదట సెలవులకి వెళ్లేటప్పుడు బంగారం ఇంట్లో కూడా పెట్టకండి, సేఫ్ డిపాజిట్ లాకర్ తీసుకోండి. దీపావళి ముందు ఇక్కడి పోలీసులు మనవాళ్ల ఇళ్లకి ప్రత్యేకంగా హెచ్చరికలు పంచుతారు. మన ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలందరికీ తెలుసు. మా వీధిలోనే రెండిళ్లు దోచారు.

మాంచెస్టర్ నుంచి:

లెస్టర్ అన్నయ్య గారూ, ఆ 50, 100 మాట సగమే నిజం. ఆ సగం నమ్మే నేను మూడు నెలలు చేతులు ముడుచుకుని కూర్చున్నాను, కాబట్టి మొత్తం చెబుతాను.

2017 అక్టోబరులో దీపాల అలంకరణ చూద్దామని పిల్లల్ని తీసుకుని బ్లాక్‌పూల్ వెళ్లాం. సముద్రం ఎదురుగా పాత హోటల్, కింద భోజనశాల. మర్నాడు టిఫినుకి కిందికి దిగి పైకి వచ్చేలోపు గదిలో మా ఆవిడ హారం, నా కెమెరా పోయాయి. అంతా కలిపి 2,800 పౌండ్ల సరుకు. మేనేజర్ దగ్గరికి వెళ్తే, మొదటి మాటే "చట్టం ప్రకారం 100 పౌండ్లు" అన్నాడు. ఏదో నోటీసు జిరాక్స్ కూడా చేతిలో పెట్టాడు. మా ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ కాగితం చూసి నేనూ ఇంతేనేమో అనుకుని ఇంటికి వచ్చేశాను.

మూడు నెలల తర్వాత ఆఫీసులో ఒక పెద్దాయన, ఆ నోటీసు ఎక్కడ అతికించి ఉందో చూశావా అని అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది, అది మా గదిలో కప్‌బోర్డు తలుపు లోపల అతికించి ఉంది. చట్టంలో ఏముందంటే, ఆ నోటీసు రిసెప్షన్ దగ్గర గానీ, రిసెప్షన్ లేకపోతే ప్రధాన ద్వారం దగ్గర గానీ అందరికీ తేలిగ్గా కనబడేలా ఉండాలి. మనం సామాను లోపలికి తెచ్చే వేళకే ఉండాలి. లేకపోతే ఆ 100 పౌండ్ల హద్దు వాళ్లకి వర్తించదు, పూర్తి విలువ అడగొచ్చు. నోటీసు సరిగ్గా ఉన్నా సరే, హోటల్ వాళ్ల లేదా వాళ్ల పనివాళ్ల నిర్లక్ష్యం వల్ల పోయినా, దాచమని మనం వాళ్ల చేతికి అప్పగించినా, అప్పగిస్తామంటే వాళ్లు కాదన్నా హద్దు పోతుంది.

మళ్లీ బ్లాక్‌పూల్ వెళ్లాను, టీ తాగే వంకతో. రిసెప్షన్ మొత్తం ఫోటోలు తీశాను. అక్కడ నోటీసు లేదు. మేం దిగిన రోజు పిల్లలు రిసెప్షన్ ముందు తీయించుకున్న ఫోటోలోనూ ఆ గోడ ఖాళీగానే ఉంది. ఆ రెండు ఫోటోలు పెట్టి లెటర్ రాశాను. వాళ్ల ఇన్సూరెన్స్ కంపెనీ ముందు 400 అంది, తర్వాత 1,200 అంది. కౌంటీ కోర్టులో క్లెయిమ్ వేశాక ఫోన్‌లో మధ్యవర్తిత్వం జరిగి 2,350కి తేలింది. మొదటి రోజు నుంచి చివరి చెక్కు దాకా పదమూడు నెలలు పట్టింది. ఆ హారం డిజైన్ మళ్లీ దొరకలేదు. కానీ 100 పౌండ్లు అని నా మొహాన కాగితం పెట్టినప్పుడు వచ్చిన అవమానం ఆ రోజుతో పోయింది.

లెస్టర్ నుంచి:

సంతోషం తమ్ముడూ. అయినా నీది హోటల్, ఈ అమ్మాయిది కాటేజీ. ఆ చట్టం వచ్చినవాళ్లందరికీ తిండి, గది ఇచ్చే హోటళ్లకే. కాటేజీకి అసలు వర్తించదు.

మాంచెస్టర్ నుంచి:

అదే నేనూ అనేది. వర్తించనప్పుడు 50, 100 హద్దు కూడా వర్తించదు కదా! మీరు ఆ అంకెలు చెప్పి ఆమెను భయపెట్టారు.

లెస్టర్ నుంచి:

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. హోటల్ అయితే వాళ్ల తప్పున్నా లేకున్నా కొంతైనా ఇవ్వాలి. కాటేజీలో ఓనర్ తప్పు నువ్వే చూపించాలి. ఆ కష్టం చెప్పకుండా ఆశ పెట్టడం సరి కాదు.

క్రాయ్‌డన్ నుంచి:

ఇద్దరూ చెప్పింది ఒక్కటే, ఆపండి. నేను పదకొండేళ్లు ఇన్సూరెన్స్ క్లెయిముల విభాగంలో పనిచేశాను. చెల్లెమ్మా, ఓనర్ సంగతి తర్వాత, ముందు ఇన్సూరెన్స్ చూడు. అది త్వరగా తేలుతుంది.

ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోలేదని అనుకుంటున్నావేమో, మీ బ్యాంక్ అకౌంట్ ఎలాంటిదో చూడు. నెలకి ఫీజు కట్టే అకౌంట్లలో చాలావాటికి అది కలిసే వస్తుంది. ఈ దేశం లోపల ప్రయాణమైనా ముందుగా గది బుక్ చేసుకుని ఉంటే చాలా పాలసీలు కవర్ చేస్తాయి. అద్దె ఇంట్లోని సామానుకి కంటెంట్స్ ఇన్సూరెన్స్ ఉంటే, బయటికి తీసుకెళ్లిన వస్తువులకి విడిగా కవర్ ఉందో లేదో చూడు. రెండూ ఉంటే రెండు కంపెనీలకీ రెండోదాని సంగతి చెప్పాలి.

ఎక్కడ దెబ్బ తింటామంటే, ఒక్కో వస్తువుకి ఇంత అని, విలువైనవాటన్నిటికీ కలిపి ఇంత అని రెండు పరిమితులుంటాయి. మన బంగారం ఆ రెండో పరిమితి దగ్గరే ఆగిపోతుంది. ఇంకొకటి, బలవంతంగా లోపలికి వచ్చిన గుర్తులు లేకపోతే ఇవ్వం అనే షరతు కొన్ని పాలసీల్లో ఉంటుంది. నీ కేసులో వాళ్లు పట్టుకునేది అదే. కిటికీ పగిలిందని చెప్పు అని ఎవరైనా సలహా ఇస్తే ఒక్క క్షణం కూడా వినకు. ఇలాంటి కీలకమైన విషయంలో ఒక్క అబద్ధం దొరికినా 2015 ఇన్సూరెన్స్ చట్టం ప్రకారం ఆ క్లెయిమ్ మొత్తం కొట్టేయొచ్చు, నిజంగా పోయినవాటికి కూడా పైసా రాదు. నా బల్ల మీదకే అలాంటి ఫైళ్లు వచ్చాయి. పోయినవి నిజమే, కిటికీ మాట ఒక్కటే అబద్ధం. బాధగా ఉండేది.

వాళ్లు కాదంటే అక్కడితో వదలొద్దు. కంప్లయింట్ అని స్పష్టంగా రాయి. ఎనిమిది వారాల్లో తుది జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా, ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. ఫీజు లేదు. తుది జవాబు వచ్చిన రోజు నుంచి ఆరు నెలల్లోపు వెళ్లాలి, ఈ గడువు మర్చిపోయి ఏడ్చినవాళ్లు చాలామంది.

లాప్‌టాప్ ఆఫీసుది కాబట్టి మీవారు ఇవాళే వాళ్ల ఐటీ వాళ్లకి చెప్పాలి. అందులో కస్టమర్ల వివరాలుంటే కంపెనీ 72 గంటల్లో ప్రభుత్వ సంస్థకి తెలియజేయాల్సి రావచ్చు. ఆలస్యమైతే మాట మీవారికి వస్తుంది.

రెడింగ్ నుంచి (అడిగినవారు):

అందరికీ చాలా థ్యాంక్స్. లాప్‌టాప్ సంగతి ఆ రాత్రే చెప్పారు. బ్యాంక్ అకౌంట్‌తో ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉందని ఇప్పుడే తెలిసింది! నగలకి బిల్లులు అడుగుతున్నారు. బుట్టలకి ఉంది. గాజులకి మజూరి చీటీ ఒక్కటే ఉంది. నల్లపూసలు అత్తగారివి, ఏ కాగితం లేదు. గాజులు ఐదు తులాలని రాశాను, అదేమిటని అడిగారు.

లెస్టర్ నుంచి:

తులం అంటే 11.66 గ్రాములమ్మా, అలా రాయి.

క్రాయ్‌డన్ నుంచి:

వద్దు అన్నయ్యా! ఇప్పుడు దుకాణంలో తులం అంటే 10 గ్రాములే తూస్తున్నారు. 11.66 అని రాసి, చీటీలో 50 గ్రాములుంటే ఎక్కువ చెప్పారంటారు. మా గుంటూరు వైపైతే కాసు అంటాం, 8 గ్రాములు. చెల్లెమ్మా, చీటీలో గ్రాముల్లో ఎంతుందో అదే రాయి. తరుగు, మజూరి అంటే ఏమిటో ఇంగ్లీషులో ఒక లైను వివరించు, చీటీ చూసేవాళ్లకి అర్థం కాదు.

2021 తర్వాత కొన్న నగ అయితే హాల్‌మార్క్ పక్కన అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకి మాత్రమే ఇచ్చిన గుర్తింపు కోడ్, ఉండొచ్చు. బిల్లు మీద ఉందేమో చూడు. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే స్వచ్ఛత, నగ రకం చూపిస్తుంది. అది పోలీసులకి కూడా ఇవ్వు. నల్లపూసలకి పెళ్లి ఆల్బమ్‌లో మెడ దగ్గరగా తీసిన ఫోటో, ఆ తర్వాత ఇక్కడ వేసుకున్న ఫోటో, రెండూ పెట్టు. మీ అత్తగారి చేత సంతకంతో ఒక ఉత్తరం రాయించు.

ఎడిన్‌బరా నుంచి:

నేను మా ఫ్లాట్‌ని సెలవులకి వచ్చేవాళ్లకి అద్దెకిస్తాను, అందుకని ఓనర్ వైపు నుంచి చెబుతాను. ఆ పెట్టె కోడ్ ప్రతి అతిథి వెళ్లగానే మార్చాలి. రెండు నిమిషాల పని. మార్చకపోతే అంతకుముందు దిగిన ప్రతివాళ్ల దగ్గరా మీ తాళంచెవి ఉన్నట్టే. పగలగొట్టిన గుర్తు లేదంటే నాకు వచ్చే మొదటి అనుమానం అదే.

కాబట్టి ఓనర్‌కి సైట్ మెసేజ్‌లోనే రాయండి, ఫోన్‌లో కాదు: ఈ కోడ్ చివరిసారి ఎప్పుడు మార్చారు, ఎంతమందికి తెలుసు, శుభ్రం చేసేవాళ్ల దగ్గర వేరే చెవి ఉందా. జవాబివ్వకపోయినా అడిగినట్టు ఉంటుంది. ఆ కాటేజీ పాత రివ్యూలన్నీ ఓపిగ్గా చదవండి. పక్క ఇంట్లోనో, దగ్గరి పబ్‌లోనో కెమెరా ఉంటే ఆ రోజు రికార్డింగు చెరిపేయొద్దని వెంటనే అడగండి, చాలా చోట్ల కొన్ని వారాల్లోనే చెరిగిపోతుంది.

ఓనర్ దీన్ని వ్యాపారంగా నడుపుతుంటే, 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం సేవ తగినంత జాగ్రత్తతో ఇవ్వాలి. ఆ బాధ్యత మాకు లేదని షరతుల్లో రాసుకున్నా చెల్లదు. దొంగ చేసినదానికి మేమెందుకు కట్టాలి అంటారు. 1948లో స్టాన్స్‌బీ, ట్రోమన్ అనే కేసు ఉంది. రంగులు వేసేవాడు ఇంటి తలుపు తాళం వేయకుండా వాల్‌పేపర్ కోసం బయటికి పోయాడు, దొంగ వచ్చి నగలు పట్టుకుపోయాడు. రంగులవాడే కట్టాలని తీర్పు. మీ లెటర్‌లో ఆ పేరు రాయండి. నగలు అలా వదిలి వెళ్లడం మీ తప్పు అని వాళ్లు తప్పక అంటారు, దానికి జవాబు సిద్ధం చేసుకోండి. గదిలో లాకర్ లేకపోతే అది రాయండి.

లెస్టర్ నుంచి:

ఇది నాకు తెలియదు. మంచి మాట చెప్పారు. అమ్మా, పాస్‌పోర్టు సంగతి ఎవరూ చెప్పలేదు. క్రైమ్ నంబర్‌తో, భారత హైకమిషన్ తరఫున అప్లికేషన్లు తీసుకునే వీఎఫ్‌ఎస్ అనే సంస్థలో కొత్తదానికి అప్లై చెయ్యి. కొత్తది రాగానే నీ ఈవీసా అకౌంట్‌లో ఆ నంబరు మార్చు. మార్చకుండా ఊరికి బయల్దేరితే తిరిగొచ్చేటప్పుడు విమానం దగ్గర ఆపేయొచ్చు. మొదట నేను అన్నదానికి ఏమనుకోకు.

రెడింగ్ నుంచి (అడిగినవారు):

అయ్యో, అలా అనకండి. మీరే మొదట ధైర్యం చెప్పారు.

రాత్రి ఇద్దరం కూర్చుని రివ్యూలు నూట పద్నాలుగు చదివాం. పోయినేడాది ఆగస్టులో ఒకరు "మూడోసారి వచ్చాం, కోడ్ కూడా అదే, సొంతింటికి వచ్చినట్టుంది" అని రాశారు. స్క్రీన్‌షాట్ తీశాను. వెంటనే ఓనర్‌కి మెసేజ్ పెట్టాను, ఇంకా జవాబు లేదు. లెటర్‌లో ఎన్ని రోజులు గడువు ఇవ్వాలి?

మాంచెస్టర్ నుంచి:

ఆ రివ్యూ తేదీ, లింకు కూడా కనబడేలా ఇంకోసారి తీసి మీవారి ఫోన్‌లో కూడా పెట్టండి, తీసేయించవచ్చు. గడువు 14 రోజులు ఇవ్వండి. మొత్తం 10,000 పౌండ్లు దాటకపోతే కౌంటీ కోర్టులో చిన్న మొత్తాల దావాలు చూసే స్మాల్ క్లెయిమ్స్‌లోనే వేయొచ్చు, లాయరు అక్కర్లేదు. ఆరేళ్ల దాకా గడువుంది గానీ అంత ఆగకండి. ఇప్పుడు మధ్యవర్తిత్వానికి ఫోన్‌లో తప్పనిసరిగా హాజరు కావాలి, దానికి డబ్బు కట్టనక్కర్లేదు. ఇన్సూరెన్స్ ఎంతిస్తుందో తేలాక, మిగిలిన మొత్తానికే ఓనర్ మీద లెక్క కట్టండి, ఒకే నష్టానికి రెండుసార్లు తీసుకోకూడదు. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా ఆ రివ్యూ పంపండి. లెటర్ రాశాక ఇక్కడ పెట్టండి, పేర్లు తీసేసి. రాత్రి తొమ్మిది తర్వాత చదివి సరిచేస్తాను.

క్రాయ్‌డన్ నుంచి:

నేనూ చూస్తాను. అమ్మకి ఇవాళే చెప్పమ్మా. మజూరి చీటీ ఇచ్చిన కంసాలి ఆమెకి తెలిసే ఉంటాడు, ఆయన దగ్గర పాత పుస్తకంలో బరువు రాసి ఉంటుంది.