ఫ్రెంచి క్రియారూపాలు: అక్షరాలుగా విడదీయడం, పదాంశాలుగా విడదీయడం

కాకినాడ అభ్యాసకురాలు:
నేను ఫ్రెంచి నేర్చుకోవడం మొదలుపెట్టి రెండేళ్లయింది. మొన్నటి పరీక్షలో ‘పార్లెరియోఁ’ అనే రూపాన్ని, అంటే ‘వీలుంటే మేము మాట్లాడతాము’ అనే షరతు అర్థంలో వచ్చేదాన్ని, ఒకసారి అక్షరాలుగానూ మరోసారి పదాంశాలుగానూ, అంటే అర్థమో వ్యాకరణపు పనో ఉన్న అతిచిన్న ముక్కలుగానూ, విడదీయమన్నారు. రెండుచోట్లా పార్–లె–రియోఁ అనే రాసి, రెండో ప్రశ్నకు మార్కులు పోగొట్టుకున్నాను. ఈ తేడా మీకెలా పట్టుబడింది?

భాషాశాస్త్ర విద్యార్థి:
ముందు మన ‘చెప్పాను’ చూడండి. రాతలో అది చె–ప్పా–ను, పలుకులో చెప్–పా–ను. వ్యాకరణరీత్యా మాత్రం ‘చెప్పు’ ధాతువు, భూతకాలానికి ‘ఆ’, ‘నేను’కు గుర్తుగా ‘ను’. కాబట్టి కోత ‘ప్పా’ అనే అక్షరం నడుమనే పడుతుంది. ‘పార్లెరియోఁ’లోనూ ‘పార్ల్’ ధాతువు, ‘ఎర్’ భవిష్యత్తుకు, ‘ఇ’ అసంపూర్ణ భూతానికి (‘చేస్తూ ఉండేవాళ్లం’ లాంటి గతానికి), ‘ఓఁ’ ‘మేము’కు గుర్తులు. ఆ భవిష్యత్ రూపం, లాటిన్ చివరి దశలో తుమర్థకానికి (‘మాట్లాడటం’ లాంటి రూపానికి) ‘కలిగి ఉండు’ అనే క్రియను చేర్చి మాట్లాడిన వాడుక నుంచి పుట్టింది. ‘నేను మాట్లాడతాను’ అనే ‘పార్లెరె’ చివరి ‘ఎ’ ఆ క్రియ మిగిల్చినదే.

హైదరాబాదు ఉపాధ్యాయిని:
నా విద్యార్థులు ఎక్కువగా తడబడేది ‘ఫినిసియోఁ’ దగ్గర, అంటే ‘మేము ముగిస్తూ ఉండేవాళ్లం’ అనే అసంపూర్ణ భూత రూపం దగ్గర. ఇందులో ‘ఎస్’ రెండుసార్లు రాస్తారు, ఒక్కసారే పలుకుతారు. పంక్తి చివర పదాన్ని విరవాలంటే ఆ రెండు ‘ఎస్’ల మధ్య విరుస్తారు. పదాంశాలు మాత్రం ఫిన్–ఇస్–ఇ–ఓఁ, అంటే రెండు ‘ఎస్’లూ ‘ఇస్’లోనే కలిసి ఉంటాయి. షరతు రూపమైన ‘ఫినిరియోఁ’ను పక్కన పెట్టి చూస్తే, అందులో ‘ఇస్’ లేదు గనుక అది విడి ముక్క అని వెంటనే తెలుస్తుంది. జంట రూపాలను పోల్చకుండా ఒంటరి రూపాన్ని కోయడం నాకు సమ్మతం కాదు.

పుదుచ్చేరి పాఠకుడు:
‘కోరుకొను’ అనే ‘వూల్’ ధాతువుకు షరతు రూపమైన ‘వూద్రియోఁ’ను కూడా చేర్చుకోండి. రాతలో దానికి రెండే అక్షరాలు, పలుకులో వూ–ద్రి–యోఁ అని మూడు; ‘ద్ర్’ తరువాత ‘య’కారం వెంటనే నోటికి పలకదు గనుక నడుమ ‘ఇ’ నిలబడుతుంది. అందులోని ‘ద’కారం ‘వూల్’ ధాతువుది కాదు. పాత ఫ్రెంచిలో ‘ల’కార ‘ర’కారాల మధ్య పుట్టి, ఆ ‘ల’కారం అచ్చుగా మారిపోయాక కూడా మిగిలింది. నేనైతే ‘వూద్’ను ధాతువుకు మరో రూపంగా తీసుకుని, ఆపైన ర్–ఇ–ఓఁ అని విడదీస్తాను.

కాకినాడ అభ్యాసకురాలు:
అయితే ‘వచ్చు’ ధాతువుకు షరతు రూపమైన ‘వ్యేఁద్రియోఁ’ పలుకులో వ్యేఁ–ద్రి–యోఁ, పదాంశాలుగా వ్యేఁద్–ర్–ఇ–ఓఁ అవుతుందా?

పుదుచ్చేరి పాఠకుడు:
అవుతుంది. అక్కడి ‘ద’కారం ‘న’కార ‘ర’కారాల మధ్య పుట్టినది.