ఎడారిలో సర్కారు భవనాలకు ఏసీయే దిక్కా?

పడమటిగాలి:
ఏప్రిల్ చివర్లో రాజస్థాన్ ఎడారిలోని జైసల్మేర్ వెళ్లాను. దగ్గర్లోని కనోయి ఊళ్లో రాజకుమారి రత్నావతి పేరుతో ఆడపిల్లల బడి ఉంది. 2021లో తెరిచారు, డిజైన్ డయానా కెలాగ్‌ది. కోడిగుడ్డు ఆకారంలో గోడ, అంతా అక్కడి పసుపు రాయే. లోపల సున్నం పూత, గాలాడటానికి జాలీలు, అంటే చిల్లుల తెరలు. ఏసీ లేదు. మధ్యాహ్నం గోడ మీద బయటివైపు చెయ్యి పెడితే చుర్రుమంది. లోపలివైపు చెంప ఆనిస్తే హాయిగా ఉంది. మర్నాడు పట్నంలో ఒక ఆఫీసుకి వెళ్లాను. అద్దాల గోడలు. కరెంటు పోయింది, పది నిమిషాలకే అందరం మెట్ల మీదికి వచ్చేశాం. ఎడారిలో ప్రజల డబ్బుతో కట్టే ఏ భవనానికీ అద్దాల గోడ పెట్టనివ్వకూడదు, ఏసీ మీద ఆధారపడనివ్వకూడదు. ఇదీ నా వాదన.

దుబాయ్‌తెలుగు:
అన్నా, పదకొండేళ్లుగా దుబాయ్‌లో ఉన్నా. ఇదీ ఎడారే. అల్ ఫహీదీ అనే పాతపేటలో ఇళ్ల మీద బర్జీల్ అనే గాలి గోపురాలు ఉన్నాయి. ఆగస్టులో ఒకదాని కింద నిలబడి చూశా. గాలి వస్తుంది, కానీ ఒంటి మీద చెమట ఆరదు. అంతా సముద్రపు తేమ, రాత్రయినా ఉక్కపోతే. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలే ఉంది. ఇలాంటి చోట ఏసీ లేని ఆస్పత్రి కడితే రోగుల గతేంటి?

సున్నపుబట్టీ:
తమ్ముడూ, కుండలో నీళ్లు రామగుండంలో చల్లబడినట్టు మచిలీపట్నంలో చల్లబడవు కదా. ఎడారైనా అంతే. ఇరాన్‌లోని యజ్ద్ సముద్రానికి దూరం. పగలు మంట, రాత్రి చలువ. మందపాటి గోడ పగటి వేడిని మెల్లగా పీలుస్తుంది, అది లోపలికి దిగేసరికి పొద్దుగూకుతుంది. రాత్రి ఆ వేడి ఆకాశానికి పోతుంది. అక్కడి దౌలతాబాద్ తోటలో గాలి గోపురం 33 మీటర్ల పైనే ఉంటుంది, పైనుంచి దిగిన గాలి నీటి తొట్టి మీదుగా గదుల్లోకి వెళ్తుంది. ఇది పాత ముచ్చటే అనుకోకండి. 2008లో జైపూర్‌లో కట్టిన పెర్ల్ అకాడమీ కాలేజీలో గోడకి నాలుగడుగుల దూరంలో జాలీ తెర కట్టారు, కింద మెట్లబావిలా తవ్వి నీళ్లు నిలిపారు, కప్పు మీద మట్టి కుండలు బోర్లించారు. పొడి ఎడారిలో పడమటిగాలి గారి మాటే నా మాట. గల్ఫ్ తీరంలో ఏసీ తప్పదు. అయినా ఎండని అద్దంలోంచి లోపలికి రానిచ్చి, ఆ వేడి పోగొట్టడానికి మళ్లీ కరెంటు కాల్చడం ఎందుకు? అల్ ఫహీదీ ఇరుకు సందుల్లో నీడ ఎంత హాయో మీకు తెలిసే ఉంటుంది.

సైట్‌మనిషి:
రాజస్థాన్‌లోనే బార్మేర్ వైపు రెండేళ్లు పనిచేశా. మేం కట్టిన ఒక బడిలో నడుమ మండువా, పైన వెంటిలేటర్లు పెట్టాం. సున్నం పని తెలిసిన మేస్త్రీ కోసం నెల తిరిగాం. ఏడాది తర్వాత వెళ్లి చూస్తే వెంటిలేటర్లకి ప్లైవుడ్ కొట్టేశారు, మేకులు తుప్పు పట్టి గోడ మీద చారలు. మండువాకి రేకులు వేసి పాత బెంచీలు పడేశారు. ఎందుకని అడిగితే, ఇసుక గాలి వచ్చిన ప్రతిసారీ ఊడ్చేదెవరన్నారు. చాలా బాధేసింది.

పడమటిగాలి:
ఆపరేషన్ థియేటర్‌కి, మందుల గదికి ఏసీ ఉండాల్సిందే. అంతవరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ సైట్‌మనిషి గారూ, ఆ వెంటిలేటర్లు రాత్రి తెరిచి, ఎండెక్కకముందే మూయాలని బడివాళ్లకి ఎవరైనా చెప్పారా? ఒక్క గదికి ప్లైవుడ్ తీయించగలరా? వారం రోజులు లోపలా బయటా వేడి కొలుద్దాం. థర్మామీటర్లు నేను పంపుతా.

సైట్‌మనిషి:
మేం చెప్పలేదు, అది మా తప్పే. హెడ్మాస్టర్ గారిని అడుగుతా. థర్మామీటర్లతో పాటు ఊడ్చే మనిషికి వారం కూలి కూడా పంపండి.