కంటి ఫోటోల టెస్టులో డై పడలేదు, మళ్ళీ అదే రాశారు. చేయించాలా?

ఖమ్మం_చిన్నోడు:
నాన్నకి 64, షుగర్ 18 ఏళ్ళ నుంచి ఉంది. పోయినేడు ఎఫ్ఎఫ్ఏ అని చేతి నరానికి పసుపు మందు ఎక్కించి కంటి వెనక ఫోటోలు తీశారు, ఎక్కించిన రెండు నిమిషాలకే గడ్డం స్టాండ్ మీంచి తీసేసి గొంతు పట్టేస్తోందిరా అన్నారు, చూస్తుండగానే మెడంతా దద్దుర్లు, బీపీ పడిపోయింది, తొడకి ఇంజెక్షన్ ఇచ్చి ఆక్సిజన్ పెట్టి రాత్రంతా ఐసీయూలో ఉంచారు. డిశ్చార్జి కాగితంలో మాత్రం "వాంతులు" అని ఒక్క ముక్క రాసిచ్చారు! ఇప్పుడు కొత్త డాక్టర్ మళ్ళీ అదే టెస్ట్ రాశారు. నాన్నేమో పాత సంగతి చెప్పకురా, చెప్తే వైద్యం చెయ్యరు అంటున్నారు. ఆయనకి రొయ్యలు పడవు, అందుకే అయ్యిందని మా అత్త గోల. ఏం చెయ్యమంటారు?

గుంటూరు_కారం:
ముందురోజు రాత్రి సిట్రజిన్ వేసేయండి బ్రో, మా అమ్మకి అలాగే చేశారు, ఏం కాలేదు.

కళ్ళజోడు_అక్క:
గుంటూరు తమ్ముడూ, మీ అమ్మగారికి వచ్చింది ఉత్త దురదేమో, ఇక్కడ గొంతు, బీపీ రెండూ పోయాయి, ప్రాణం మీదికొచ్చే ఆ అలర్జీని అనాఫిలాక్సిస్ అంటారు. నేను 11 ఏళ్ళు ఈ ఫోటోలే తీశాను. కడుపులో తిప్పడం చాలామందికి ఉంటుంది, ఓ రెండు నిమిషాల్లో పోతుంది, ఒళ్ళు పచ్చబడ్డం, ఒంటేలు పసుపుగా రావడం అసలు రియాక్షనే కాదు. ఇది వేరు. మాత్రలు ముందే వేసుకున్నా రాదని గ్యారంటీ లేదు. 1986లో అమెరికాలో వేసిన లెక్కలో తీవ్రమైన రియాక్షన్ సుమారు 1,900 మందిలో ఒకరికి, చావు 2,22,000 మందిలో ఒకరికి. అరుదే, కానీ ఒకసారి అలా వచ్చినవాళ్ళకి ఆ లెక్క చెప్పి ధైర్యం చెప్పకూడదు.

రొయ్యల గోల వదిలేయండి. రొయ్యల్లో అయోడిన్ ఉంటుందని అలా అంటారు గానీ, ఫ్లోరెసీన్‌లో, అంటే మీ నాన్నకి ఎక్కించిన ఆ పసుపు మందులో, అయోడిన్ ఉండదు, అది ఉండేది ఐసీజీ అనే ఆకుపచ్చ డైలో. అయినా రొయ్య పడకపోవడం దాని ప్రోటీన్ వల్ల, అయోడిన్ వల్ల కాదు. నోటితో తాగించినా రియాక్షన్లు వచ్చిన కేసులున్నాయి, తాగిస్తాం అన్నా ఒప్పుకోకండి.

ఓసీటీ యాంజియో అడగండి. సూది లేదు, డై లేదు, రక్తకణాల కదలికని బట్టి నాళాలు గీస్తుంది. నాళం నుంచి నీరు కారడం మాత్రం అందులో కనపడదు, కానీ మాక్యులా (కంటి వెనక పొర మధ్యభాగం) దగ్గర వాపు ఎంతుందో మామూలు ఓసీటీ అనే వెలుతురు స్కాన్‌లోనే తెలుస్తుంది. పాత ఆసుపత్రిలో ఐసీయూ కేస్ షీట్ నకలు కూడా తీసుకోండి. బీపీకి అటెనోలాల్ లాంటివి వాడుతున్నారా? వాటితో అడ్రినలిన్ (ఇలాంటప్పుడు తొడకి ఇచ్చే ఇంజెక్షన్) సరిగా పనిచెయ్యకపోవచ్చు, అది కూడా చెప్పండి.

గుంటూరు_కారం:
సారీ అక్కా, తెలీక రాశా.

ఖమ్మం_చిన్నోడు:
అప్‌డేట్. కేస్ షీట్ కోసం మూడుసార్లు తిప్పారు, అర్జీ రాసిచ్చాక ఇచ్చారు. అందులో అడ్రినలిన్ ఎప్పుడిచ్చారో టైంతో సహా ఉంది. అటెనోలాల్ ఆరేళ్ళుగా వాడుతున్నారంట, నాకే తెలీదు. కొత్త డాక్టర్ అదంతా చదివి, ఎఫ్ఎఫ్ఏ కొట్టేసి, ఫైల్ అట్ట మీద ఎర్రపెన్నుతో "ఫ్లోరెసీన్ వద్దు" అని రాశారు. ఓసీటీ యాంజియో పది నిమిషాల్లో అయిపోయింది. నాన్న బయటికొచ్చి ముందు మోచెయ్యి చూసుకున్నారు, సూది గుచ్చలేదా అని.