ట్రైనర్ వాట్లు, క్రాంక్ మీటర్ వాట్లు కలవడం లేదు: ఏ అంకెను ఆధారంగా తీసుకోవాలి?

ప్రశ్న

వెనక చక్రం తీసేసి సైకిలును నేరుగా బిగించే రకం స్మార్ట్ ట్రైనర్‌ను (ఇంట్లోనే తొక్కడానికి, బిగువును తానే మార్చే పరికరం) కొంతకాలంగా వాడుతున్నాను. బయట తొక్కేటప్పుడు పనికొస్తుందని ఈ మధ్య అదే సైకిలుకు ఎడమ క్రాంక్‌కు (పెడల్ బిగించే కడ్డీకి) అమర్చే పవర్ మీటర్ (తొక్కే శక్తిని వాట్లలో కొలిచేది) కూడా పెట్టించాను. రెండింటినీ ఒకేసారి రికార్డు చేసి చూస్తే అంకెలు కలవడం లేదు. ట్రైనర్ 200 వాట్లు చూపుతున్నప్పుడు క్రాంక్ మీటర్ 210కి అటూ ఇటూగా చూపుతోంది. గట్టిగా తొక్కితే తేడా ఇంకా పెరుగుతోంది, కానీ తొక్కడం మొదలుపెట్టిన తొలి నిమిషాల్లో మాత్రం తేడా దాదాపు కనిపించడం లేదు. రెండు పరికరాలూ ఒకటి రెండు శాతానికి మించి తప్పవని వాటి పెట్టెల మీదే రాసి ఉంది. ఎఫ్‌టీపీని (సుమారు గంటసేపు నిలకడగా ఇవ్వగలిగే గరిష్ఠ శక్తిని) ఏ అంకెతో లెక్కకట్టాలి? ఎర్గ్ మోడ్‌లో (పెట్టుకున్న వాట్లను ట్రైనరే పట్టి ఉంచే పద్ధతిలో) క్రాంక్ మీటర్ చెప్పే అంకెను బట్టి ట్రైనర్ బిగువు మారేలా పెట్టుకోవడం మేలా?

సమాధానం 1

ముందుగా ఒక మాట. క్రాంక్ దగ్గర ఎక్కువ, ట్రైనర్ దగ్గర తక్కువ కనిపించడం లోపం కాదు, అలాగే ఉండాలి. మీ కాలు ఇచ్చిన శక్తిలో కొంత చైను లింకుల రాపిడిలోనూ, డిరైల్యూర్ (గేర్లు మార్చే భాగం) పళ్లచక్రాల్లోనూ ఖర్చయిపోయి, మిగిలినదే ట్రైనర్‌కు చేరుతుంది. శుభ్రంగా నూనె పెట్టిన చైనుతో ఈ నష్టం సుమారు 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. అందువల్ల ట్రైనర్ 200 చూపినప్పుడు క్రాంక్ దగ్గర 205, 206 ఉంటే రెండూ నిజమే చెబుతున్నట్టు. ట్రైనరే క్రాంక్ కంటే ఎక్కువ చూపితే మాత్రం రెండింటిలో ఒకటి ఖాయంగా తప్పుతున్నట్టు.

మీ 210లో దీనితో తీరని భాగం కొంత ఉంది కాబట్టి తేడా ఎంత అన్నది కాక, అది ఎలా మారుతోంది అన్నది చూడండి. పదిహేను నిమిషాలు వార్మప్ చేసి, క్రాంక్ మీటర్‌కు జీరో ఆఫ్‌సెట్ (బలం పడనప్పటి సున్నాను సరిచేయడం), మీ ట్రైనర్‌కు అవసరమైతే స్పిన్‌డౌన్ (వేగంగా తొక్కి వదిలేసి, చక్రం నెమ్మదించే తీరును బట్టి సరిచేయడం) చేయండి. తర్వాత ఒకే కేడెన్స్‌తో (నిమిషానికి పెడల్ తిరిగే చుట్లు) 120, 200, 280 వాట్ల దగ్గర నాలుగేసి నిమిషాలు తొక్కి, ప్రతి మెట్టులో మొదటి నిమిషాన్ని వదిలేసి సగటులు పోల్చండి. మూడు మెట్లలోనూ తేడా ఒకే శాతంగా ఉంటే అది చైను నష్టమో, రెండు పరికరాల కొలతల్లోని స్థిరమైన వ్యత్యాసమో అవుతుంది. శాతం కాక వాట్లు స్థిరంగా ఉంటే జీరో ఆఫ్‌సెట్ సరిగ్గా లేదు. 90 కేడెన్స్‌తో 200 వాట్లు ఇవ్వడానికి క్రాంక్ మీద పడే టార్క్ (తిప్పే బలం) 21 న్యూటన్ మీటర్లే. అందులో సున్నా ఒక్క న్యూటన్ మీటరు పక్కకు జరిగినా 9 వాట్లకు పైగా తేడా వస్తుంది, అది 120 దగ్గరా 280 దగ్గరా అంతే ఉంటుంది.

మొదటి నిమిషాల్లో తేడా లేకపోవడానికి కారణం బహుశా ఉష్ణోగ్రత. ట్రైనర్ లోపలి భాగాలూ, క్రాంక్‌లోని స్ట్రెయిన్ గేజులూ (లోహం వంగడాన్ని కొలిచే సెన్సర్లు) వేడెక్కుతున్నకొద్దీ కొలత కొద్దిగా జరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు అంకెలు కలిశాయంటే అది రెండు తప్పులు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం కావచ్చు గానీ కచ్చితత్వానికి గుర్తు కాదు.

సమాధానం 2

పై వివరణతో ఏకీభవిస్తూనే ఒక విషయం చేర్చాలనుకుంటున్నాను. మీది ఎడమ వైపు మాత్రమే కొలిచే మీటర్. అది ఎడమ కాలి శక్తిని కొలిచి రెట్టింపు చేసి చూపుతుంది, కుడి కాలు ఏం చేస్తోందో దానికి తెలియదు. మీరు నిజంగా 206 వాట్లు ఇస్తూ, అందులో 51 శాతం ఎడమ కాలితో ఇస్తున్నారనుకుందాం. మీటర్ కొలిచేది 105, చూపేది 210. ఆ 206లో చైను నష్టం పోగా ట్రైనర్‌కు చేరేది 200. అంటే మీరు చెప్పిన అంకెలు ఏ పరికరమూ చెడిపోకుండానే వచ్చేస్తాయి!

రెండు కాళ్ల మధ్య ఒకటి రెండు శాతం తేడా చాలామందిలో ఉంటుంది. అయితే అది ఎప్పుడూ ఒకేలా ఉండదు, అలసటను బట్టీ, ఎంత గట్టిగా తొక్కుతున్నామన్నదాన్ని బట్టీ మారుతుంది. మెట్లవారీ పరీక్షలో తేడా వాట్లలోనూ శాతంలోనూ స్థిరంగా లేకుండా తిరుగుతుంటే నేను మొదట అనుమానించేది దీన్నే.

సమాధానం 3

ఎర్గ్ మోడ్ గురించి అడిగారు కాబట్టి దానికే పరిమితమవుతాను. క్రాంక్ మీటర్ అంకెను బట్టి ట్రైనర్‌ను నడిపించే సౌకర్యం కొన్ని యాప్‌లలో ఉంది. ట్రైనర్‌రోడ్‌లో దీన్ని పవర్‌మ్యాచ్ అంటారు. లోపలా బయటా ఒకే మీటర్ మీద ఆధారపడాలనుకునేవారికి ఇది సరైన దారే. అయితే యాప్ మీ క్రాంక్ అంకె చూసి, లక్ష్యంతో పోల్చి, ట్రైనర్‌కు కొత్త ఆదేశం పంపాలి కనుక స్పందన కాస్త ఆలస్యమవుతుంది. పొట్టి ఇంటర్వల్స్‌లో (గట్టిగా తొక్కే చిన్న విడతల్లో) అది తెలుస్తుంది. ఈ సౌకర్యం లేని యాప్‌లో శక్తి కొలతకు క్రాంక్‌ను, బిగువుకు ట్రైనర్‌ను జతచేస్తే ట్రైనర్ తన లెక్క ప్రకారం 200 పట్టి ఉంచుతుంది, తెర మీద మాత్రం 210 కనిపిస్తుంది. దాన్ని చూసి చాలామంది ట్రైనర్ చెడిపోయిందనుకుంటారు.

కేడెన్స్ పడిపోనివ్వకండి. 200 వాట్లను 90తో తొక్కితే 21 న్యూటన్ మీటర్లు, 60కి జారితే దాదాపు 32. కాళ్లు నెమ్మదించేకొద్దీ పెడల్ బరువెక్కి ఇంకా నెమ్మదిస్తాయి, చివరికి ఆగిపోతారు. అలాంటప్పుడు తొక్కడం ఆపి, తేలిక గేరుతో కేడెన్స్ పెంచుకుని మళ్లీ అందుకోవాలి.

మీ మీటర్ బ్లూటూత్‌లో ఒక పరికరానికే కనెక్ట్ అయ్యే రకమైతే, సైకిల్ కంప్యూటర్ దాన్ని ముందే పట్టుకుని ఉన్నప్పుడు యాప్‌కు అది కనిపించదు. యాంట్ ప్లస్ అనే మరో వైర్‌లెస్ పద్ధతికి ఈ ఇబ్బంది లేదు, ఎన్ని పరికరాలైనా ఒకేసారి అందుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. చెప్పిన పద్ధతిలో పరీక్షించాను. వేడెక్కాక జీరో ఆఫ్‌సెట్ చేస్తే 120 దగ్గర 4 వాట్లు, 200 దగ్గర 7, 280 దగ్గర 10 తేడా వచ్చింది. మునుపటి కంటే తగ్గింది, శాతం కూడా ఇంచుమించు స్థిరంగా ఉంది. ఎఫ్‌టీపీ సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

సమాధానం 1

మూడున్నర శాతం ఆరోగ్యకరమైన తేడానే, ఇక వెతకనక్కర్లేదు. మీరు బయట కూడా తొక్కుతారు కనుక క్రాంక్ మీటర్‌నే ఆధారంగా తీసుకోండి. దానితోనే 20 నిమిషాల పరీక్ష చేసి, సగటులో 95 శాతాన్ని ఎఫ్‌టీపీగా పెట్టుకుని, ప్రతిసారీ కాస్త వేడెక్కాక సున్నా సరిచూడండి. ఒక మీటర్‌తో కొలిచిన ఎఫ్‌టీపీతో మరో మీటర్ మీద తొక్కితేనే చిక్కు: ట్రైనర్ అంకెతో వచ్చిన 250ని బయట క్రాంక్ మీద పెట్టుకుంటే మీరు నిజంగా తొక్కాల్సినదానికంటే సుమారు 9 వాట్లు తేలికగా తొక్కుతూ వెళ్తారు. పరీక్ష రోజు ఎదురుగా పెద్ద ఫ్యాన్ ఉండాలి. గదిలో గాలి ఆడకపోతే శరీరం వేడెక్కి, మీటర్లు రెండూ సరిగ్గానే ఉన్నా అంకె పడిపోతుంది.