వాలీబాల్ అటాక్ పాఠాలు ఆన్‌లైన్‌లో నేర్చుకుని కోచింగ్ ఇవ్వొచ్చా?

గోదారి_పీఈటీ
మాది పల్లెటూరి హైస్కూల్, అమ్మాయిల వాలీబాల్ జట్టు నాది. వేసవిలో అటాక్ మీద ఆరు వారాల ఆన్‌లైన్ కోర్సు చేశాను. మొన్న మండల ఆటల్లో ఒక పెద్ద కోచ్ "ఫోన్లో నేర్చుకుంటే ఆట వస్తుందా" అని పిల్లల ముందే అన్నారు. నాకైతే బాగా పనికొచ్చింది. 5-1 పద్ధతిలో కొట్టడానికి బంతి ఎత్తిచ్చే లిఫ్టర్ ఒక్కరే, మిగతా అయిదుగురూ అటాకర్లు. చోట్లు మారుతూ తిరిగే ఆరు రొటేషన్లలో ఆ అమ్మాయి ముందు వరసలో ఉన్న మూడింట్లో నెట్ దగ్గర అటాకర్లు ఇద్దరే మిగులుతారు. మేం వరసగా పాయింట్లు పోగొట్టుకునేది అక్కడేనని ఇన్నేళ్లూ గమనించలేదు. మీరేమంటారు?

పటియాలా_బ్యాచ్
పెద్దాయన అన్నది నిజమే. నేను పటియాలా ఎన్‌ఐఎస్‌లో, అంటే జాతీయ క్రీడా సంస్థలో, కోచింగ్ డిప్లొమా చేశాను. స్మాష్ కొట్టేటప్పుడు అరచెయ్యి నిండుగా తగిలితే ఒక చప్పుడు, వేళ్లకే తగిలితే ఇంకో చప్పుడు. అది గ్రౌండ్‌లో నిలబడితేనే పట్టుబడుతుంది. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో మనవాళ్లు కాంస్యం తెచ్చారు, ఆ జట్టులో మన పి.వి.రమణ గారూ ఉన్నారు. వాళ్ల కోచ్‌లు ఏ ఆన్‌లైన్ కోర్సు చేశారు?

నెట్‌దగ్గర
కోర్సు తెలుగులో ఉందా?

గోదారి_పీఈటీ
లేదండీ, ఇంగ్లీషే. ఆపి ఆపి విని నోట్సు రాసుకున్నాను.
సార్, చప్పుడు సంగతి ఒప్పుకుంటాను. కానీ నెట్ పోస్టుకి ఫోన్ కట్టి, వీడియోని నెమ్మదిగా నడిపి చూశాను. మా తొమ్మిదో తరగతి అమ్మాయి, బంతి లిఫ్టర్ వేళ్లు వదిలాక పరుగు మొదలుపెడుతోంది. క్విక్‌కి, అంటే లిఫ్టర్ తక్కువ ఎత్తులో ఇచ్చిన బంతిని వెంటనే కొట్టడానికి, ఆపాటికి గాల్లో ఉండాలి. అది నా కంటికి ఎప్పుడూ ఆనలేదు.

పటియాలా_బ్యాచ్
అవతలి సర్వీసుని రిసీవ్ చేసి ఇచ్చే ఫస్ట్ పాస్ లిఫ్టర్ నెత్తి మీదకు రానిదే క్విక్ ఎక్కడిది? అండర్‌హ్యాండ్ రిసీవ్ కుదరని పిల్లలకు క్విక్ నేర్పడం వాళ్లను పాడుచేయడమే.

పాత_లిఫ్టర్
1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో జపాన్ మగవాళ్లు క్విక్‌లు, కాంబినేషన్లతోనే స్వర్ణం కొట్టారు.

పటియాలా_బ్యాచ్
వాళ్ల రిసీవ్ ఎలా ఉండేదో అది కూడా చెప్పండి. మేం ఇల్లూ వాకిలీ వదిలి, తెల్లవారకముందే గ్రౌండ్‌లో నిలబడి నేర్చుకున్నాం. ఆరు వారాలు వీడియోలు చూసినవాళ్లూ మేమూ ఒకటేనా?

గోదారి_పీఈటీ
నన్నెవరు పంపిస్తారు సార్? అవకాశం వచ్చిన ఏడాది నా చేతిలో చంటిపిల్ల ఉంది. అదీ నా తప్పేనా?
మీలాంటి కోచ్‌ల జట్లు చాలా చూశాను. ఒక్క పొడుగు కుర్రాడికి పైకి బంతి ఎత్తడం, మిగతా అయిదుగురూ వాడి కోసం రిసీవ్ చేయడం. ఆ అయిదుగురికి ఏం నేర్పినట్టు?

పటియాలా_బ్యాచ్
అవును, నేనూ అలాగే ఆడిస్తాను. పోయిన ఏడాది మా పొడుగు కుర్రాడికి స్పోర్ట్స్ కోటాలో సీటొచ్చింది. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. సెలెక్షన్స్‌లో చూసేది కొట్టేవాణ్ణే. బంతిని అందరికీ పంచితే ఆ సీటు కూడా పోయేది. మీ కోర్సులో ఇది చెప్పారా?

గోదారి_పీఈటీ
చెప్పలేదు. ఆ అబ్బాయికి సీటొచ్చినందుకు సంతోషం సార్, నిజంగా. కానీ మా జట్టులో పొడుగు పిల్లే లేదు. అందరిలోకి పొడుగమ్మాయి అయిదడుగుల రెండంగుళాలు. నెట్ 2.24 మీటర్లు. పైకి ఎత్తితే బంతి దిగేలోగా అవతల ఇద్దరు బ్లాక్‌కి వచ్చేస్తారు. నేను క్విక్ కాక ఇంకేం నేర్పను?

నెట్‌దగ్గర
ఈ ముక్క మొదటే రాస్తే ఇంత గొడవ ఉండేది కాదు మేడమ్.

పటియాలా_బ్యాచ్
క్విక్ మీద నా మాట మారదు. ముందు రిసీవ్ కుదరాలి. మీ ప్రాక్టీసు ఎప్పుడో చెప్పండి, ఒక ఆదివారం వచ్చి చూస్తాను.

గోదారి_పీఈటీ
ఉదయం ఆరింటికి మొదలుపెడతాం, తప్పకుండా రండి. రిసీవ్ మీరు చూడండి, క్విక్ మాత్రం నేను ఆపను. మా దగ్గర బంతులు మూడే ఉన్నాయి, వీలైతే రెండు పట్టుకురండి.