సూపర్‌ఛార్జర్ కారు ఐడిల్‌లో ఊగిపోతోంది, గాలి లీక్ ఎక్కడో దొరకట్లేదు

కొత్తపేట బాబు:
పొద్దున్నుంచీ బానెట్ కిందే ఉన్నానండి, బుర్ర వేడెక్కిపోయింది. బండి ఆపితే ఆర్పీఎం 600కి పడిపోతోంది, మళ్ళీ 1100కి లేస్తోంది, ఒక్కోసారి ఆగిపోతోంది కూడా. ఏసీ వేస్తే మరీ ఘోరం. ప్లగ్గులు కొత్తవి. కాయిల్స్ బాగానే ఉన్నాయి. థ్రాటిల్ బాడీ విప్పి కడిగించాను. పైపులన్నీ చేత్తో తడిమి చూశా, చిరుగన్నదే లేదు. మెకానిక్ ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పోయిందంటున్నాడు. రోడ్డెక్కితే లాగుడు బ్రహ్మాండంగా ఉంది. దారి చెప్పండి.

స్కాన్ టూల్:
ఏ కారు? ఏ సంవత్సరం? కోడ్ ఏంటి?

ఇంధన మిత్ర:
ముందు ట్యాంకులో ఏముందో చూసుకోండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది దాదాపు అంతా ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కిలో ఇంధనానికి కావాల్సిన గాలి తగ్గుతుంది: ఉత్త పెట్రోలుకి 14.7 కిలోలు, ఈ20కి సుమారు 13.5. పాత కారు దీన్ని లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) అనుకుంటుంది. పైగా ఇథనాల్ తేమ పీలుస్తుంది. మన డెల్టాలో గాలి నిండా తేమే. కారు వారాలకొద్దీ కదలకపోతే నీళ్ళు ట్యాంకు అడుగున చేరతాయి. పాత రబ్బరు పైపులు ఉబ్బుతాయి. ఇది ఎవరూ పట్టించుకోవట్లేదు.

కొత్తపేట బాబు:
బెంజ్ సీ200 కంప్రెసర్, 2006, 1.8 లీటర్లు. కోడ్ పీ0171, మిశ్రమం లీన్ అని. ఇదివరకు కూడా వచ్చింది, చెరిపేస్తే మళ్ళీ వస్తోంది. థ్రాటిల్ కడిగినప్పుడు బ్యాటరీ కూడా తీశారు. ఆ వివరాలు అవసరమా?

గూడెం రెంచి:
చాలా అవసరమండి, మొదటే రాయాల్సింది. ఈసీయూ మార్చొద్దు, ఆగండి. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలు ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చూపే లెక్క) తెరిచి, ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఒకసారి, 2500 ఆర్పీఎం దగ్గర నిలకడగా పట్టి ఒకసారి చూడండి. షార్ట్ (అప్పటికప్పటిది), లాంగ్ (కొన్నాళ్ళుగా నేర్చుకున్నది) రెండూ కలిపి రాయండి.

బూస్ట్ భీమవరం:
ట్రిమ్‌లు ఎందుకండీ, సూపర్‌ఛార్జర్ బండికి వచ్చేది బూస్ట్ (సూపర్‌ఛార్జర్ ఒత్తి పంపే గాలి) లీకే. ఇంటర్‌కూలర్ గొట్టాల క్లిప్పులు బిగించి సబ్బునీళ్ళు కొట్టండి, బుడగలొస్తాయి.

కొత్తపేట బాబు:
ఐడిల్‌లో మొత్తం +24. 2500 దగ్గర +5.

గూడెం రెంచి:
దొరికినట్టే. భీమవరం గారూ, ఈ ఇంజిన్‌లో గాలి వెళ్ళే వరస ఇది: ఫిల్టరు, ఎయిర్ మాస్ సెన్సర్ (గాలిని లెక్కపెట్టేది), బ్లోయరు (సూపర్‌ఛార్జరే), ఇంటర్‌కూలరు, థ్రాటిల్, మ్యానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచేది). బ్లోయరుకీ థ్రాటిల్‌కీ మధ్య లీకుంటే బూస్ట్ వచ్చినప్పుడు సెన్సర్ లెక్కపెట్టిన గాలి బయటికి పోతుంది. మిశ్రమం రిచ్ (పెట్రోలు ఎక్కువ) అవుతుంది, లాగుడు తగ్గుతుంది, ట్రిమ్ మైనస్‌కి వెళ్తుంది. ఐడిల్‌లో బ్లోయరు గాలిని వెనక్కి తిప్పే బైపాస్ ఫ్లాప్ తెరుచుకుని ఉంటుంది, అక్కడ ఒత్తిడి బయటి గాలితో ఇంచుమించు సమానం, కాబట్టి ఆ లీకు ఐడిల్‌ని పెద్దగా కదపదు. ఈయనకి ఉన్నది రివర్స్. థ్రాటిల్ దాటాక ఐడిల్‌లో గట్టి వాక్యూమ్ ఉంటుంది, అక్కడ చిన్న సందున్నా లెక్కలో లేని గాలి లోపలికి పీలుస్తుంది. ఆర్పీఎం పెంచితే మొత్తం గాలి పెరిగి ఆ చిల్లు వాటా తగ్గిపోతుంది. అందుకే +24 కాస్తా +5 అయింది.

ఇంధన మిత్ర గారి లెక్క తప్పు కాదు. కానీ ఈ10కి ట్యూన్ అయిన బండిలో ఈ20 పోస్తే ట్రిమ్ పెరిగేది నాలుగైదు శాతమే. అదీ ఐడిల్‌లోనూ 2500లోనూ ఒకేలా పెరగాలి.

బూస్ట్ భీమవరం:
బూస్ట్ లీకన్నా వాక్యూమ్ లీకన్నా చిల్లు చిల్లే కదండీ.

గూడెం రెంచి:
వెతికే చోటు మారిపోతుందండి. ఈయన తడిమిన పైపులన్నీ థ్రాటిల్ ముందువి. సబ్బునీళ్ళ బుడగ వచ్చేది లోపల ఒత్తిడి ఉన్నప్పుడే. పీల్చే చోట బుడగ రాదు.

బాబు గారూ, ఈ వరసలో వెళ్ళండి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా బ్రేక్ బూస్టర్ గొట్టాన్ని పించ్ ప్లయర్‌తో నొక్కండి, తర్వాత పర్జ్ వాల్వ్ (ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌లోకి పంపేది) గొట్టాన్ని. ఏది నొక్కినప్పుడు ఐడిల్ కుదురుకుంటే లీకు ఆ కొమ్మలో ఉంది. రెండిటికీ మార్పు లేకపోతే ఇంజిన్ ఆపి స్మోక్ టెస్ట్ చేయించండి. పొగ బ్రేక్ బూస్టర్ గొట్టం దగ్గర్నుంచి ఎక్కించాలి, ఒత్తిడి 35 నుంచి 70 మిల్లీబార్ల మధ్యే ఉండాలి. దాటితే క్రాంక్ సీళ్ళు పాడవొచ్చు. కనీసం ఐదు నిమిషాలు నిండనివ్వండి. ఎండలో, గాలిలో పొగ కనపడదు, షెడ్డులో టార్చి పట్టుకుని చూడాలి. ఇంజిన్ కాస్త వెచ్చగా ఉంటే మేలు, కొన్ని పగుళ్ళు వేడికే తెరుచుకుంటాయి.

నా అనుమానం మ్యానిఫోల్డ్ కింద ఉండే బ్రీదర్ హోస్ (ఇంజిన్ లోపలి ఆయిల్ ఆవిరిని తీసుకెళ్ళే గొట్టం) మీద. ఈ ఎం271 ఇంజిన్లలో అది గట్టిపడి పగలడం మామూలే. పైనుంచి కనపడదు, చెయ్యీ పట్టదు.

స్కాన్ టూల్:
కార్బ్ క్లీనర్ కొట్టి చూడొచ్చుగా.

గూడెం రెంచి:
వేడి ఎగ్జాస్ట్ పక్కన వద్దు, అంటుకుంటుంది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఐడిల్‌ని సర్దేస్తుంది కాబట్టి చెవికి తేడా తెలియకపోవచ్చు కూడా.

పాలకొల్లు షెడ్డు:
ఎలకల్ని మర్చిపోకండి. దాళ్వా కోతలయ్యాక చేలల్లోంచి ఇళ్ళ మీదికొస్తాయి, రాత్రి ఆపిన కారు వెచ్చదనానికి చేరి సన్న వాక్యూమ్ గొట్టాలూ వైర్లూ కొరుకుతాయి. మ్యానిఫోల్డ్ ఎలాగూ విప్పుతారు కాబట్టి వైరింగ్ కూడా చూడండి. క్యామ్ మాగ్నెట్ల (క్యామ్‌షాఫ్ట్ టైమింగ్‌ని సర్దేవి) వైరు ప్లగ్గులు ఊడదీసి లోపల నూనె ఉందేమో చూడండి. ఈ ఇంజిన్లలో ఆ నూనె వైరు లోపల్నుంచే పాకి సెన్సర్లదాకా పోతుంది.

ఇంధన మిత్ర:
రబ్బరు గట్టిపడటానికి కారణం ఏమిటో కూడా మాట్లాడుకోవాలి.

పాలకొల్లు షెడ్డు:
బ్రీదర్‌లో తిరిగేది పెట్రోలు కాదండీ, ఆయిల్ ఆవిరి. వేడీ, వయసూ చాలు.

కొత్తపేట బాబు:
పొగ మ్యానిఫోల్డ్ కింద నుంచే వచ్చిందండి. హోస్ ఆర్డర్ పెట్టాను. థ్రాటిల్ అడాప్టేషన్ (థ్రాటిల్ స్థానాలు ఈసీయూకి మళ్ళీ నేర్పించడం) ఇప్పుడే చేసేయమంటారా?

గూడెం రెంచి:
ఇప్పుడొద్దు. లీకు ఉండగా నేర్పిస్తే తప్పుడు విలువలే నేర్చుకుంటుంది. హోస్ మార్చి, మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్లు కొత్తవి వేసి, కోడ్లు చెరిపి, అప్పుడు చేయించండి. హోస్ ఛాసిస్ నంబరుతో సరిచూసే కొనండి. తర్వాత ట్రిమ్ రెండు చోట్లా ప్లస్ మైనస్ 5 లోపు ఉండాలి. ఈ20 పోస్తే ఇంకో నాలుగైదు ఎక్కువున్నా కంగారు లేదు.

కొత్తపేట బాబు:
సరేనండి, థాంక్స్.

బూస్ట్ భీమవరం:
క్లిప్పులు కూడా ఓసారి బిగించుకోండి.