పడమటి కొండలా, ఉత్తరపు వెలుగా? ఇంటి వడ్రంగి గదికి సలహా కోరుతున్నాను

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

అందరికీ నమస్కారం. మా పెరట్లో 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు ఉన్న పాత ధాన్యపు కొట్టును వడ్రంగి పనికి అనువుగా మార్చుకోవాలని అనుకుంటున్నాను. ఇప్పుడు అందులో పట్టపగలు కూడా పెన్సిలు గీత కనిపించదు. పడమటి గోడకు ఆవల వరిచేలు, చెరువు గట్టు, దూరంగా కొండల వరుస ఉన్నాయి కనుక అటు ఆరడుగుల కిటికీ పెట్టించి, దాని కిందే పనిబల్ల వేసుకోవాలని నా కోరిక. మా మేస్త్రి మాత్రం ఉత్తరపు గోడకే కిటికీ పెట్టాలని పట్టుబడుతున్నారు. అటు పక్కింటివారి గేదెల పాక తప్ప చూడడానికి ఏమీ లేదు. ఏది మేలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (రాయగడ నుంచి)

మీ మేస్త్రిగారి మాటలో నిజం ఉందండి. పడమటి కిటికీ కింద బల్ల వేసి నేను ఒకసారి నష్టపోయాను. చిత్రిక పట్టిన టేకు పలకను బల్ల మీదే వదిలి భోజనానికి వెళ్ళి, కునుకు తీసి వచ్చేసరికి ఎండ తగిలిన ముఖం ఆరి ముడుచుకోవడంతో పలక పళ్ళెంలా వంగిపోయింది. ఉత్తరపు వెలుగు అలా కాదు, రోజంతా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. పైగా అది పలక మీద ఏటవాలుగా పడితే చిత్రిక వదిలిన సన్నని గట్లు సైతం కంటికి దొరుకుతాయి.

అయితే ఒక మెలిక ఉంది. మనం సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నందున, మే నడిమి నుంచి జులై ఆఖరి దాకా సూర్యుడు మధ్యాహ్నం కూడా నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు, ఉదయం, సాయంత్రం ఎండ ఉత్తరపు కిటికీలోకి ఓరగా దూరుతుంది. పొద్దు వాలిన ఎండను చూరు ఆపలేదు కనుక కిటికీకి ఇరుపక్కలా నిలువు చెక్కలు బిగించుకోండి.

ఇక కొండల సంగతి. బల్లను ఉత్తరపు కిటికీ కింద, పడమటి మూలకు దగ్గరగా వేయండి. మీరు ఉత్తరానికి తిరిగి నిలబడితే పడమర మీ ఎడమ చేతివైపు ఉంటుంది. ఆ పడమటి గోడకు, నిలబడినప్పుడు కంటికి సరిపడే ఎత్తులో రెండడుగుల కిటికీ చాలు. తల తిప్పితే కొండలు కనిపిస్తాయి, కుడిచేతివాటం వారైతే గీతలు గీసేటప్పుడు చేతి నీడ కూడా అడ్డురాదు. మధ్యాహ్నం రెండు దాటాక ఆ కిటికీ తలుపు మూసేయండి.

జవాబు (బరంపురం నుంచి)

పై సలహాతో ఏకీభవిస్తున్నాను. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుపానులు చూసినవాణ్ణి కాబట్టి ఒకే పెద్ద అద్దం వద్దంటాను. చిన్న గళ్ళుగా విడగొట్టి, బయట చెక్క తలుపులు పెట్టించండి. యంత్రపు రంపం కొనే ఆలోచన ఉంటే దానిని కొండలకు ఎదురుగా నిలపకండి, దాని దగ్గర ఉన్నంతసేపూ చూపు పళ్ళ మీదే ఉండాలి. దాని పైన చోకు ఉన్న పాత ట్యూబులైటు కూడా ఉంచకండి. అది సెకనుకు 100 సార్లు మినుకుమనడం వల్ల, తిరుగుతున్న రంపం కొన్ని వేగాల దగ్గర ఆగిపోయినట్టు భ్రమ కలుగుతుంది.

జవాబు (గుణుపురం నుంచి)

కొట్టుది పెంకుటి కప్పే అయితే ఉత్తరపు వాలులో రెండు గాజు పెంకులు వేయించండి, లోపలి గోడలకు తెల్లసున్నం కొట్టించండి. ఇంత తక్కువ ఖర్చుతో వెలుగు తెచ్చే ఉపాయం నాకు మరొకటి తెలియదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. కప్పు పెంకుటిదే. గోడ కొట్టకముందే పడమట బయట ఒక కర్ర పాతి, మధ్యాహ్నం రెండు నుంచి గంటగంటకూ నీడ గుర్తు పెట్టుకుంటాను. తన మాట నెగ్గిందని తెలిస్తే మేస్త్రిగారు ఊరంతా చెప్పుకుంటారు కనుక పడమటి చిన్న కిటికీ సంగతి ఆయనకు ముందుగా చెబుతాను.